పేరులేని కాలమ్

తెల్లారుజామున నాలుగున్నరకు
మెలకువొస్తాది గానీ వెంటనే లెయ్యను.
ఎడమ మణికట్టు మీద
కుడిచేతి రెండేళ్లు పెట్టి
సెల్లు వెలుతురులో గోడగడియారాన్ని చూస్తా.
ఒక నిమిషం
నన్ను నేను ఎంచుకుంటా.

డెబ్బైయారు.

ఆ తర్వాతే మొగం కడుక్కునేది,
ఆ తర్వాతే పాలకేంద్రం షట్టరెత్తేది.
పెనుమూరు దోవలో పంక్చరంగడి పక్కన
పద్నాలుగేండ్లుగా ఈ ఊరి పాలన్నీ
నా చేతిమీదుగానే చిత్తూరికి పోతా ఉండాయి.
ఎవరి ఎనుముకు మేత తగ్గిందో,
ఎవరి సీమావు సూడికట్టిందో,
ఎవరు చెంబుడు నీళ్లు కలిపి దేవుని మీద ఒట్టేస్తారో
మిషన్లో అంకె చూసి చెప్పేస్తా.

"ఊరి పాలన్నీ కొలుస్తావు గదమ్మే ధనభాగ్యం,
నిన్నెప్పుడన్నా కొలుచుకున్నావా?"
అనింది నర్సమ్మ ఎస్తేరు
అరలీటరు పోయించుకుంటా.
యాడ వేలు పెట్టాల్నో ఆమే చూపించింది.
బొటనవేలు వద్దంట,
దాని దడ దానికుంటాదంట.

పాలబుక్కులో తేది, లీటర్లు, వెన్న, రేటు,
చివర్న ఒక కాలమ్ ఖాళీగా ఉన్నింది.
దాంట్లో రాసుకుంటా వచ్చినా.

మూడునెల్లకు అర్థమయింది
నా గుండె ఒక్క మాట మీద నిలబడేది కాదని.
నెలసరి అయిన వారం అరవైనాలుగు, అరవైయారు.
సగంనెల దాటినాక మెల్లగా
అరవైతొమ్మిది, డెబ్బై.
మళ్లా ఆ దినాలు వస్తానే
గమ్మున దిగిపోతాది.
ఎక్కేదానికొక దోవ, దిగేదానికొక దోవ,
ఇన్నేండ్లూ నా లోపలొక ఘాట్‌రోడ్డు ఉన్నిందని
నాకే తెలీదు.
జరమొస్తే ఒక అంకె,
ఆడబిడ్డతో పోట్లాడి పడుకుంటే ఇంకో అంకె,
రాత్రి దాచిపెట్టిందంతా తెల్లారి తేలుతాది
కాగిన పాలమింద మీగడ మాదిరి.

పోయినేడు, నాకు నలభయ్యారు,
యార్డు నిండా తోతాపురి వచ్చిపడే దినాల్లో
ఎక్కింది దిగలా.
డెబ్బైనాలుగు.
డెబ్బైతొమ్మిది.
ఎనభైమూడు.
నెలసరి చూస్తే తొమ్మిది దినాలు, పన్నెండు దినాలు.
లేతరంగు చీర కట్టాలంటే బయం,
క్యాను ఎత్తితే కండ్ల ముందర మిణుగురులు.
"ఈ వయసులో అంతే" అన్నారు.
"ఊరికే దిగులు పడతావు" అన్నారు.
"ఎండలు" అన్నాడు మా ఆయన, ఫ్యాను కింద.

మాయమ్మకూ ఇట్టే ఉండేది.
రొమ్ములో ఎవరో రోకలేస్తా ఉండారనేది.
తాయెత్తు కట్టించినాము.
ఆ రోకటిపోట్లు ఎన్నో
ఇంటిల్లిపాదిలో ఒక్కరమూ ఎంచలా.

బుక్కు చంకన పెట్టుకుని
చిత్తూరు పెద్దాసుపత్రికి పోతి.
లైన్లో మూడు గంటలు.
డాక్టరమ్మ చిన్నపిల్ల. పేజీలు తిరగేసి
"నా దగ్గరికి పాలలెక్క తెచ్చినారేమ్మా" అని నవ్వింది.
చివరి కాలమ్ చూపించినా.
వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది,
మళ్లా పైనుంచి కిందికి.
నవ్వు ఆగిపోయింది.

నెత్తురు తీసినారు. ఏడు పాయింట్ రెండు.
అంకె ఇనంగానే తెలిసిపోయింది నాకు.
పల్చన.
చిన్నక్యాన్లు చేతికిచ్చి
అన్ని పాలూ మొయ్యమంటే
ఆటో ఎన్ని ట్రిప్పులు తిరగాల?
పాపం, ఆ పనే చేస్తా ఉన్నింది నా గుండె
రాత్రీ పగలూ, బాడుగ అడగకుండా.

స్కానింగులో గర్భసంచికి గడ్డ, ఉసిరికాయంత.
దానికి మందు వేరే, నెత్తురికి మాత్రలు వేరే.
టీతో మింగొద్దు, నిమ్మకాయ నీళ్లతో మింగమన్నారు.
టీ మానేది మాత్రం
మాత్రల కంటే చేదుగా ఉండాది.

నిన్న ఆడిట్ సారొచ్చి
కండ్లద్దాలు పైకి తోసి అడిగినాడు,
"ఏందమ్మా ఈ పేరులేని కాలమ్?
దీన్ని యాడ జమ చేసేది?"
"నీళ్లు కలపని లెక్క సార్" అంటి.
కొట్టెయ్యమన్నాడు.
కొట్టెయ్యలా.

అరవైయారు ఇంకా దూరమే.
మొన్న డెబ్బైయెనిమిది, నిన్న డెబ్బైయారు.
ఈ పొద్దు
వాకిట్లో ఎవరో అప్పుడే క్యాను మోగిస్తా ఉండారు,
బిన్నా రామ్మే, పాలు విరిగిపోతాయని.

ఉండండి.
ఇంకా పదకొండు సెకండ్లు ఉండాది.